జిందా సంచులు

ఢిల్లీలో రైలు దిగిన నాడు పెద్దిరాజు చేతిలో మూడే వస్తువులున్నాయి. ఒక గుర్రపునాడా అయస్కాంతం, ఒక భూతద్దం, సగం అరిగిన ఒక ఆకురాయి. వాటికి తోడు ఆయుధ డిపోలో పదకొండేళ్ళు స్టోరు పని చేసి సంపాదించిన కళ్ళు. తూటా అడుగున ఉన్న ముద్ర చూసి అది ఎక్కడ పుట్టిందో, ఏ ఏడు పుట్టిందో చెప్పగల కళ్ళు. అంతకుమించి పెట్టుబడి లేదు.

ఆ కళ్ళనే అతను అమ్ముకున్నాడు. సైన్యం చాంద్‌మారీ మైదానాల్లో సాధనకు కాల్చి పారేసిన ఖాళీ తూటాలు వేలానికి వస్తాయి. అది మేలురకం ఇత్తడి. గాజియాబాద్ చుట్టూ ఉన్న యార్డులలో ఆ ఖాళీ గొట్టాలను ఖోఖా అంటారు. పేలకుండా మిగిలిపోయిన దాన్ని జిందా అంటారు. గుట్టలో ఖోఖా ఎంత, ఇనుము ఎంత, జిందా ఉందా లేదా అని తేల్చేవాడు పెద్దిరాజు. అతను ఒక కాగితం రాసిచ్చేవాడు. 'ఈ సరుకును పరీక్షించాను. ఇందులో పేలుడు పదార్థం లేదు.' కింద గుండ్రటి సంతకం. ఆ స్లిప్పు లేనిదే కొలిమి యజమానులు లారీని లోపలికి రానిచ్చేవారు కాదు. పన్నెండేళ్ళలో ఆ సంతకమే అతనికి ఇందిరాపురంలో అద్దె ఫ్లాటును, ఒక పాత మారుతి కారును, నలుగురిలో 'రాజు సాబ్' అనే పిలుపును తెచ్చిపెట్టింది.

రెండు వేల నాలుగులో సరుకు మారింది. ఎడారిలో యుద్ధం జరిగిన దేశం నుంచి తుక్కు కంటెయినర్లలో రావడం మొదలైంది. కాగితాల మీద అది కరిగించే ఇనుము. తలుపు తీస్తే తూటాలు, ట్యాంకు ముక్కలు, కాలిన లారీ చక్రాలు, ఒక్కోసారి మనుషుల బూట్లు. లోనీ రోడ్డు దాటాక ఉన్న లాలా బన్సీధర్ యార్డుకు ఆ వర్షాకాలంలోనే ఇరవై ఆరు కంటెయినర్లు వచ్చాయి. ఇరవై ఆరింటికీ పెద్దిరాజు స్లిప్పు ఇచ్చాడు. ఒక్కదాన్ని కూడా చూడలేదు. చూస్తే ఒక్కోదానికి రెండు రోజులు పడుతుంది. లాలాకు రెండు గంటలు కూడా లేవు.

ఇరవై ఆరో స్లిప్పు మీద సంతకం పెడుతుండగా ఆ చప్పుడైంది.

ఉదయం పది గంటలు. యార్డు లెక్కలు చూసే మునీమ్ త్యాగి గదిలో ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు పెద్దిరాజు. ముందు టీ గ్లాసు, గ్లాసు అంచున ఈగలు. పెద్ద చప్పుడేమీ కాదు. కుక్కర్ మీది మూత ఎగిరినట్టు ఒక్కసారి. ఆ తరువాత నలభై సుత్తుల మోత ఒక్కసారిగా ఆగిపోయింది. అతను పరుగెత్తింది ఆ నిశ్శబ్దం విని.

రేకుల షెడ్డులో నలభై మంది రెండు వరసలుగా కూర్చుని తూటాలు ఏరతారు. గుండు ఊడని తూటా దొరికితే దాన్ని వైసు దవడల మధ్య బిగించి, పక్క నుంచి సుత్తితో కొట్టి, గుండును వదులు చేసి లాగుతారు. సీసం ఒక డబ్బాలోకి, ఇత్తడి ఒక డబ్బాలోకి. మందు నేల మీదికి. నాలుగో వైసు దగ్గర పౌలురాజు వెల్లకిలా పడి ఉన్నాడు. బాపట్ల వైపు మనిషి, ఆదివారం ప్రార్థనల్లో గంజీరా వాయిస్తాడు. కుడి చేతికి మూడు వేళ్ళు లేవు. కుడి కన్ను ఉండాల్సిన చోట ఇత్తడి పెచ్చు దిగి ఉంది. కాంతమ్మ అనే ముసలావిడ కొంగు చింపి చేతికి చుడుతోంది.

త్యాగి వచ్చాడు. పడి ఉన్నవాణ్ణి దాటుకుని వైసు దగ్గరికి వెళ్ళాడు. నేల మీద చిందిన ఇత్తడి ముక్కలు ఏరి జేబులో వేసుకున్నాడు. ఆ తరువాత గొంతెత్తి, "పానీ డాలో. కడిగేయండి. చూస్తా కూర్చుంటే కూలీ ఎవడిస్తాడు?" అన్నాడు.

పెద్దిరాజు చూపు త్యాగి మీద లేదు. వైసు దవడల మధ్య ఇరుక్కుపోయిన తూటా అడుగు మీద ఉంది. అడుగు మధ్యలో చిన్న టోపీ ఉంటుంది. తుపాకీ సూది దాన్ని గుచ్చితేనే లోపలి మందు అంటుకుంటుంది. ఆ టోపీ మీద సొట్ట ఉంది. లోతుగా, స్పష్టంగా.

ఆ సొట్ట చూసే పౌలురాజు దాన్ని వైసులో బిగించాడు. సొట్ట చూడమని నేర్పింది పెద్దిరాజే.

*

అయిదేళ్ళ కిందటి మాట అది. అప్పట్లో వచ్చేదంతా చాంద్‌మారీ సరుకే, దాదాపు అన్నీ ఖాళీ గొట్టాలే. ఏరివేత తొందరగా సాగడానికి అతను షెడ్డులో ఒక సూత్రం చెప్పాడు. టోపీ మీద సొట్ట ఉంటే చచ్చింది. లేకపోతే జిందా, పక్కన పెట్టండి. అంతే. చదువు రానివాళ్ళు కూడా ఒక్క పూటలో పట్టేశారు. ఏరివేత రెండింతలైంది. లాలా అతనికి మిఠాయి పెట్టె పంపాడు.

డిపోలో అతనికి నేర్పిన పాఠానికి రెండో సగం కూడా ఉంది. సొట్ట పడినా గుండు ఊడకపోతే అది కాలలేదని అర్థం. సూది గుచ్చింది, మందు అంటుకోలేదు. అది జిందా కంటే చెడ్డది. ఎప్పుడు అంటుకుంటుందో తెలియదు. దాన్ని ముట్టుకోకూడదు. చాంద్‌మారీ సరుకులో ఆ రకం తగలదు కాబట్టి అతను ఆ సగం వదిలేశాడు. యుద్ధం నుంచి వచ్చే సరుకులో అదే ఎక్కువ. మరతుపాకీలో ఇరుక్కున్న ప్రతి తూటానూ సైనికుడు లాగి ఇసుకలోకి విసిరేస్తాడు. ఆ ఇసుకతో సహా అది లోనీకి వచ్చింది.

సగం పాఠం అమ్మినవాడిని ఏమనాలో పెద్దిరాజుకు తెలుసు. బజారులో అలాంటివాళ్ళను అతనే రోజూ తిడతాడు.

*

మూడో రోజు పొద్దున ఆసుపత్రికి వెళ్ళాడు. పౌలురాజు భార్య జయశీల అక్కడే ఆయాగా పనిచేస్తుంది. వార్డు గుమ్మంలోనే ఎదురైంది. నీలం చీర, జేబులో థర్మామీటరు, ముఖంలో నిద్రలేమి.

"అన్నయ్య గారూ, లోపలికొచ్చి చూడండి. నేను చెబితే నమ్మరు."

పౌలురాజు ఎడమ చేతికి సంకెల ఉంది. రెండో కొస మంచం ఇనుప కమ్మీకి తగిలించి ఉంది. కాళ్ళ దగ్గర స్టూలు మీద కానిస్టేబుల్ కూర్చుని నారింజ తొనలు తింటున్నాడు.

"ఏం చేశాడని?"

"దొంగతనమంట. ఈయన సంచిలో పద్నాలుగు జిందా దొరికినయ్యంట. ఎవరికి అమ్ముతున్నావు, ఏ ముఠా నీది అని రాత్రంతా అడిగారు. కన్ను పోయినోణ్ణి." ఆమె గొంతు పెంచలేదు. "ఉచ్చ పోయించడానికి తాళంచెవి అడుక్కోవాలి నేను. నేను పనిచేసే వార్డులో, నా మొగుడికి."

పెద్దిరాజుకు ఆ సంచి సంగతి తెలుసు. షెడ్డులో ప్రతి ఒక్కరికీ వెనక గోడకు ఒక మేకు, ఆ మేకుకు ఒక గుడ్డ సంచి ఉంటాయి. సొట్ట లేని తూటా దొరికితే అందులో వేయాలి. యార్డు పెట్టె ఇవ్వలేదు కాబట్టి ఇంటి నుంచి సంచి తెచ్చుకుంటారు. పాత లంగా గుడ్డ, పిండి సంచి, పిల్లల బడి సంచి. దాన్ని జిందా సంచి అంటారు. ఆ బరువు కూలీలో కలవదు. నెలాఖరున త్యాగికి అప్పజెప్పాలి. పౌలురాజు సంచికి నెలాఖరు ఇంకా రాలేదు.

కారిడార్ చివర లాలా బన్సీధర్ కనిపించాడు. తెల్ల కుర్తా, చేతిలో డాక్టరు కోసం తెచ్చిన బాదం బర్ఫీ పెట్టె. పెద్దిరాజు భుజం మీద చెయ్యి వేసి కిటికీ పక్కకు తీసుకెళ్ళాడు.

"మనిషి మంచివాడే రాజు సాబ్. కానీ చోర్ నికలా, దొంగని తేలాడు. ఏం చేస్తాం."

"లాలాజీ, ఆ పద్నాలుగూ కంటెయినర్లోవే. మీకూ తెలుసు."

"నాకెలా తెలుస్తుంది? నాకు చదువు లేదు. మీరు చదివి రాసిచ్చారు." లాలా జేబులోంచి కాగితం తీసి విప్పాడు. ఇరవై ఆరో స్లిప్పు. సంతకం చివరి మెలిక దగ్గర సిరా కొంచెం చిందింది, ఆ చప్పుడైన క్షణాన. "సరుకులో పేలుడు పదార్థం లేదు. పెద్దిరాజు. ఇంకేం కావాలి? నా సరుకులో లేదంటే వాడి సంచిలోకి బయటినుంచి వచ్చిందనేగా. ఎల్లుండి సోమవారం ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఆయన ముందు ఒక్క మాట చెప్పండి, ఈ సంతకం నాదేనని. అబద్ధం చెప్పమనడం లేదు. మీదేగా?"

"నాదే."

"బస్, అంతే. తుగ్లకాబాద్‌లో ఇంకో నలభై కంటెయినర్లున్నాయి. అన్నీ మీ చేతిమీదుగానే." లాలా బర్ఫీ పెట్టె తెరిచి చూపించాడు. "లీజియే. దేశీ నెయ్యి."

ఆసుపత్రి ఫినాయిలు వాసనలో ఆ నెయ్యి వాసన కలిసి వస్తుంటే పెద్దిరాజు పెట్టెను వెనక్కి నెట్టాడు. అసహ్యం లాలా మీద మాత్రమే అయితే బయటికి వచ్చి ఉమ్మేసి పోయేవాడు. ఆ కాగితం మీద సంతకం తనది. అక్షరాలు ఎంత కుదురుగా ఉన్నాయో.

ఆ మధ్యాహ్నం ఇంట్లో అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. భార్య అన్నపూర్ణేశ్వరి అంతా విన్నది. విని, కంచం తీస్తూ, "ఇరవై ఆరు సంతకాలు పెట్టేటప్పుడు నన్నడిగారా? ఇప్పుడు ఇరవై ఏడో మాట నన్నడక్కండి. ఆ జయశీల మొహం చూసి వచ్చింది మీరు," అంది.

*

ఆదివారం పన్నెండింటికి ప్రార్థన అయిపోయాక ఎవరూ ఇళ్ళకు పోలేదు. అద్దెకు తీసుకున్న రేకుల గది. గోడకు శిలువ, మూలన పౌలురాజు గంజీరా. షెడ్డువాళ్ళు నలభై మందిలో ముప్పై ఎనిమిది మంది వచ్చారు. శ్రీకాకుళం ఆడవాళ్ళు, బిహారు మగవాళ్ళు, మాల్దా నుంచి వచ్చిన ముగ్గురు. జయశీల చేతిలో పోలీసులు రాసిన పంచనామా నకలు ఉంది. దాన్ని సంపాదించి తెచ్చింది శరణ్య అనే అమ్మాయి. వరంగల్లు పిల్ల, వసంత్ కుంజ్ అవతల యూనివర్సిటీలో చదువుతుంది. భుజాన సంచి, సంచి నిండా కరపత్రాలు.

ఏరివేతతో పాటు లారీలూ నింపే రామ్‌సేవక్ ముందు లేచాడు. "చూడండి దీదీ, లాలా అందరికీ నెల కూలీ ముందే ఇస్తానన్నాడు, నోరు మూసుకుంటే. పౌల్ భయ్యా మంచివాడే. కానీ మాకూ పొయ్యి ఉంది. పోలీసుతో పెట్టుకుని బతికినవాణ్ణి నేను చూడలేదు."

"నెల కూలీ తింటావు, ఆ తరువాత?" అంది కాంతమ్మ. "రేపు నీ యేలు పోద్ది. అప్పుడు నీ సంచి సూపిస్తాడు. నీ పేరు రామ్‌సేవక్ కాబట్టి వొదిలేస్తాడనుకున్నావేటి?"

శరణ్య లేచింది. "కమిషనర్ ఆఫీసు ముంగట ధర్నా చేద్దాం. మా దోస్తులు రెండు బస్సులల్ల వస్తరు. ఇది ఒక్క పౌలురాజు ముచ్చట కాదు. యుద్ధం జేసేటోడొకడు, దాని చెత్త అమ్ముకునేటోడొకడు, సచ్చేది మనం."

"మాట బాగుంది తల్లీ," అంది కాంతమ్మ. "మీ బస్సు సాయంత్రం ఎలిపోద్ది. మా షెడ్డు ఇక్కడే ఉంటాది. మా షెడ్డుకి పనికొచ్చేది సెప్పు."

గదిలో నవ్వులు లేచాయి. శరణ్య ముఖం ఎర్రబడింది, కానీ కూర్చోలేదు. "అయితే మీరే చెప్పుండ్రి. నేను రాసుకుంటా," అంది.

అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడ్డ పెద్దిరాజు లోపలికి వచ్చాడు. జనం జరిగి దారి ఇచ్చారు. మర్యాదకు కాదు, తగలకుండా ఉండడానికి.

"నాలుగో వైసులో ఉన్న తూటాకు సొట్ట ఉంది," అన్నాడు. "సొట్ట ఉంటే చచ్చిందని మీకు నేర్పింది నేను. అది తప్పు. సొట్ట ఉండి గుండు ఊడకపోతే అది బతికే ఉంది. నాకు తెలుసు. ఏరివేత తొందరగా సాగాలని ఆ సగం చెప్పలేదు. ఇంకోటి. ఇరవై ఆరు కంటెయినర్లకు చూశానని రాసిచ్చాను. ఒక్కటీ చూడలేదు."

కాంతమ్మ దగ్గరికి వచ్చి అతని చెప్పుల పక్కన ఉమ్మింది.

"అయిదేళ్ళు," అంది. "అయిదేళ్ళు మీ మాట మీద యేళ్ళు పెట్టినాం మేస్టారూ. మీరు సెప్పింది ఏద మంత్రంనాగ మా కోడల్లకి నేర్పినాను నేను."

"అవును."

"అవునంటే సరిపోద్దేటి?"

"సరిపోదు. అందుకే వచ్చాను."

జయశీల అప్పుడు నోరు తెరిచింది. "కాంతమ్మత్తా, ఉమ్మడం అయింది కదా. ఇప్పుడు ఆ మిగతా సగం చెప్పించుకోండి."

అలా మొదలైంది పాఠం. పెద్దిరాజు సుద్దముక్క తీసుకుని సిమెంటు నేల మీద తలుపంత తూటా బొమ్మ గీశాడు. ముందు మూతి చూడండి. గుండు ఉందా? ఉంటే అడుగు చూడక్కర్లేదు, సొట్ట చూడక్కర్లేదు. చెయ్యి తీసేయండి. గుండు లేకపోతే మూతి లోపల మసి ఉందా? ఉంటే ఖోఖా. టోపీ చుట్టూ లక్కలాంటి ఎర్ర గీత ఉంటుంది, అది తడి తగలకుండా. గుండు మొనకు రంగు ఉంటే ఇంకా దూరం జరగండి. ఆకుపచ్చ మొన వెలుగుతూ పోయే రకం. నల్ల మొన కింద ఎర్ర పట్టీ ఉంటే ఇనుప కవచాన్ని చీల్చి నిప్పు పెట్టే రకం. చెవి దగ్గర ఊపి చూడడం మానేయండి. మందు దట్టించి ఉంటే గలగలమనదు. మీరు దాన్ని తలకు ఆనించుకుంటున్నారు, అంతే.

"పచ్చ మొనవి మా మనవడికి ఆడుకోడానికిచ్చినాను," అంది ఒకామె. ఆ మాట అని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తింది ఇంటికి.

పెద్దిరాజు పక్కకు జరిగి ఆమెకు దారి వదిలాడు. ఆ పైన అడుగు ముద్ర గీశాడు. "పైన ఉన్న అంకె ఫ్యాక్టరీది. కింద ఉన్నది సంవత్సరం. ఇది దాని పుట్టుక కాగితం. ఎవడూ చెరపలేడు, ఇత్తడిలో కొట్టి ఉంటుంది."

శరణ్య పంచనామా విప్పింది. "ఇండ్ల రాసిండ్రు అంకుల్. పద్నాలుగు తూటాలు. అన్నిటికీ అడుగున పైన ముప్పై ఏడు, కింద డెబ్బై ఎనిమిది."

పెద్దిరాజు ఆ అంకెలను బొమ్మలో వేశాడు. కాంతమ్మ వంగి చూసింది. ఆమెకు అక్షరాలు రావు. నెల రోజులుగా కళ్ళ ముందు దొర్లుతున్న మూడు, ఏడుల ఆకారాలను మాత్రం గుర్తుపట్టింది. "ఇదే. నా సంచిలో ఉన్నయ్యీ ఇయ్యే. కొంకి ఒకటి, గొడ్డలి ఒకటి. రేయ్ రామ్‌సేవకూ, నీ సంచిలోయి?"

రామ్‌సేవక్ కాసేపు చూశాడు. "వహీ హై," అన్నాడు మెల్లగా. "నావీ అవే."

ఒకరి తరువాత ఒకరు వంగి చూశారు. మావీ అవే. మావీ అవే. పౌలురాజు బయటినుంచి తెచ్చి ఉంటే, నలభై మందికీ అదే దేశం, అదే ఫ్యాక్టరీ, అదే ఏడు ఎలా వస్తాయి?

"అయితే మన సంచులన్నీ తెచ్చి ఠాణా ముందు పోద్దాం," అన్నాడు మాల్దా కుర్రాడొకడు.

"పోయకూడదు," అన్నాడు పెద్దిరాజు. "మేకు మీంచి తీస్తే అవి మీ సంచులవుతాయి. అందరినీ పౌలురాజు పక్కన పడుకోబెడతారు. మేకు మీద ఉన్నంతసేపు అవి లాలా గోడవి. సరుకు కదలకూడదు. గుట్ట కదలకూడదు. మేజిస్ట్రేటు వచ్చి, ఉన్నచోటే లెక్కబెట్టి, ముద్రలు రాసుకోవాలి."

"మేజిస్ట్రేటు లోనీకి ఎందుకొస్తాడు? పేలుడుకే రాలేదు," అంది కాంతమ్మ.

"వస్తాడు. ఇరవై ఆరు లారీల సరుకు కొలుముల్లోకి పోయిందని, దానికి దొంగ కాగితం రాశానని నేను రాసిస్తే, ఆ కాగితం పత్రికల్లో వస్తే, రాక తప్పదు."

"మిమ్మల్ని లోపలేస్తారు," అంది కాంతమ్మ.

"వేస్తారు."

కాంతమ్మ అతని ముఖంలోకి చూసింది. జాలి లేదు. సంతలో వంకాయను తిప్పి చూసినట్టు చూసింది. "సరే. కాయితం ఇప్పుడే రాయండి. మా ముందర రాయండి. మీ సంతకం మేం ఇంకోపాలి నమ్మం."

శరణ్య కాగితం ఇచ్చింది. ముప్పై ఎనిమిది మంది చూస్తుండగా రాశాడు. ఆ రోజే నకళ్ళు తీయించి శరణ్య, ఆమె స్నేహితులు పత్రికల వాళ్ళ దగ్గరికి బయలుదేరారు.

*

సోమవారం ఎనిమిదిన్నరకు అందరూ మామూలుగానే గేటులోకి వెళ్ళారు. హాజరు వేయించుకున్నారు. షెడ్డులోకి వెళ్ళి, సున్నం బక్కెట్టుతో గుట్ట చుట్టూ గీత గీశారు. సంచులున్న గోడ ముందు ఇంకో గీత. గీతల బయట కూర్చున్నారు, వాళ్ళతో పాటు పెద్దిరాజు, జయశీల. ఒక్క సుత్తి లేవలేదు.

త్యాగి ట్రాక్టరు ట్రాలీ తెప్పించాడు. "గుట్ట ఎత్తండి. సంచులు కూడా."

ట్రాక్టరు ముందు ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు పడుకున్నారు. డ్రైవరు రెండుసార్లు ఇంజను రంకె వేయించాడు. కాంతమ్మ తల పక్కకు తిప్పి టైరును చూసి, "గాలి తక్కువుంది నాయనా, కొట్టించుకో," అంది. డ్రైవరు ఇంజను ఆపి, కిందికి దిగి, బీడీ వెలిగించబోయాడు. నేల మీద చల్లి ఉన్న మందును చూసి బీడీ జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ ఎక్కలేదు.

పదిన్నరకు రెండు జీపులు వచ్చాయి. ఇన్‌స్పెక్టరు లాఠీ ఊపుతూ గోడ దగ్గరికి వచ్చాడు. పక్కన లాలా. గేటు బయట పత్రికల వాళ్ళు, శరణ్య తెచ్చిన విద్యార్థులు, పక్క యార్డుల కూలీలు. గేటు మూసేశారు. వాళ్ళు గోడ ఎక్కి కూర్చున్నారు.

"ఈ సంచి ఎవరిది?" ఇన్‌స్పెక్టరు మొదటి మేకు చూపించాడు.

"నాది," అంది కాంతమ్మ.

"ఇందులో ఏముంది?"

"జిందా. ముప్పై ఏడు, డెబ్బై ఎనిమిది."

"ఇది?"

"నాది," అన్నాడు రామ్‌సేవక్. లేచి నిలబడ్డాడు. "ముప్పై ఏడు, డెబ్బై ఎనిమిది, సాబ్."

అలా గోడ పొడుగునా సాగింది. ప్రతి మేకు దగ్గరా ఒకరు లేచారు, ఒకటే అంకె చెప్పారు. ఒక మేకు ఖాళీగా ఉంది. అక్కడ జయశీల నిలబడింది, ఆయా చీరలోనే. "ఇది నా మొగుడిది. ఇందులోవి మీ దగ్గరున్నాయి. ఆ అంకె మీరే రాశారు."

"మీరంతా దొంగలేనన్న మాట," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "అందరినీ ఎక్కించండి. సంచులు దించండి."

కానిస్టేబుల్ మొదటి సంచి మీద చెయ్యి వేశాడు.

"బాబూ, ఆగు," అంది కాంతమ్మ నెమ్మదిగా. "జారి కిందపడితే ఏ టోపీ దేనికి తగుల్తాదో తెలీదు. ఆడి కన్ను అలాగే పోయింది. నీకు పెళ్ళయిందా?"

కానిస్టేబుల్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు ఇంకో కానిస్టేబుల్ వైపు చూశాడు. అతను లాలాను చూశాడు. లాలా తన కుర్తా అంచు చూసుకున్నాడు. గోడ మీద కూర్చున్న జనంలో ఎవరో, "లాలాజీ, మీరు దించండి, మీ కాగితంలో పేలదని రాసి ఉందిగా," అన్నారు. యార్డు యార్డంతా నవ్వింది. పన్నెండేళ్ళలో ఆ రోడ్డు మీద లాలాను చూసి కూలీలు నవ్వడం పెద్దిరాజు ఎన్నడూ వినలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు మేజిస్ట్రేటు వచ్చాడు. వెనకే సైన్యం నుంచి తూటాలు తెలిసినవాళ్ళు ఇసుక పెట్టెలతో వచ్చారు. సాయంత్రం దాకా లెక్కబెట్టారు. నలభైలో ముప్పై తొమ్మిది సంచులు, గుట్టలో పైపొర. ఆరువందల పదకొండు జిందా. అందులో సొట్ట పడి గుండు ఊడనివి నూట ఎనభై. ముద్ర అన్నిటికీ ఒకటే. పంచనామాలో రాయించి, మేజిస్ట్రేటు చేత చదివించుకుని, జయశీలతో కలిపి నలభై మందీ వేలిముద్రలు వేశారు. అప్పుడు పెద్దిరాజు తన కాగితాన్ని, ఇరవై ఆరు స్లిప్పుల కార్బన్ కాపీలను మేజిస్ట్రేటు బల్ల మీద పెట్టాడు.

"వీటిలో ఏది నిజం?" అన్నాడు మేజిస్ట్రేటు.

"పైకాగితం నిజం సార్. మిగతావి నా సంతకాలు."

ఇన్‌స్పెక్టరుకు ఆ రోజంతా పట్టుకోవడానికి ఒక మనిషి కావలసి ఉంది. ఆ మనిషి దొరికాడు. పెద్దిరాజు జీపు ఎక్కుతుంటే లాలా దగ్గరికి వచ్చి, తగ్గు గొంతుతో, "పిచ్చివాడా, ఏం లాభం వచ్చింది నీకు?" అన్నాడు. అతని నోట్లోంచి యాలకుల వాసన వచ్చింది. పెద్దిరాజు ముఖం తిప్పుకున్నాడు.

*

జైల్లో మొదటి నెల అంతా ఆ ప్రశ్నకే జవాబు వెతికాడు. లెక్క వేసుకోవడం అతనికి అలవాటు, మానుకోలేడు. ఏ వైపు నుంచి వేసినా నష్టమే వచ్చేది. పౌలురాజు కన్ను, మూడు వేళ్ళు పోయినట్టే. లాలా కూడా అరెస్టయి, ఆరో రోజున బెయిలు మీద బయటికి వచ్చి, నోయిడాలో బావమరిది పేరున కొత్త షెడ్డు తెరిచాడు. లోనీ యార్డు మూతపడి నలభై మందికి పని పోయింది. ఇందిరాపురం ఫ్లాటు ఖాళీ చేసి అన్నపూర్ణేశ్వరి తమ్ముడింటికి వెళ్ళింది. అతని సంతకానికి ఇక ఈ జన్మలో ధర లేదు. అందుకు మాత్రం అతనికి బాధ లేదు. ఆ సంతకం గుర్తొస్తే ఇప్పటికీ చేతులు కడుక్కోవాలనిపిస్తుంది.

మొదటి ములాఖత్‌కు జయశీల వచ్చింది. ఇనుప జాలీ అవతల నిలబడి ఒక్కొక్కటే చెప్పింది. సంకెల తీసేశారు. కేసు ఇంకా కొట్టేయలేదు, కానీ లెక్క పంచనామా చూసి పౌలురాజుకు బెయిలిచ్చారు. ఎడమ చేత్తో అన్నం తినడం నేర్చుకుంటున్నాడు. నెలాఖరున ఇంకో వాయిదా.

"మిగతావాళ్ళు?"

"తలోచోట చేరారు. కాంతమ్మత్తా, ఇంకో అయిదుగురూ మండోలీ వైపు కొత్త యార్డులో. రామ్‌సేవక్ వజీర్‌పూర్‌లో. ఎక్కడ చేరినా ముందు సుద్దముక్కతో నేల మీద బొమ్మ గీస్తున్నారంట." ఆమె జాలీకి దగ్గరగా జరిగింది. "ఈ పొద్దున మండోలీలో కంటెయినరు దింపారు అన్నయ్య గారూ. కాంతమ్మత్త దూరం నుంచి మూతులు చూసింది, గుండ్లున్నాయి. కూర్చున్న పీట తీసి పక్కన పెట్టి లేచి నిలబడింది. ఏమీ అనలేదంట. ఆమె పక్కన కూర్చున్నావిడ కూడా లేచిందంట. అలా షెడ్డంతా."

"ఎంతమంది?"

"నూట పదిమంది. యజమాని అరిచాడంట, పోలీసులొచ్చారంట."

"ఆ తరువాత?"

"ఆ తరువాత లేదు ఇంకా. నేను బస్సెక్కేటప్పటికి నిలబడే ఉన్నారు."